రాశిపై ముద్ర

పూర్వము పల్లెలయందు కుప్పలు నూర్చి, తూర్పారబట్టి, ధాన్యమును కళ్లములోనే రాశిగా పోసెడివారు. సర్కారువారి భాగమో, భూస్వామి భాగమో తేలువఱకు ఆ రాశిని కదలింపరాదు. రాత్రి యెల్ల రాశిచెంత రెప్పవాల్పక కూర్చుండుట యెవరికిని సాధ్యము కాదు. గింజలను లెక్కించుట అసలే కాదు. అందుచేత రాశిపై బూడిదనో తడిమన్నునో చల్లి, అక్షరములు చెక్కిన కొయ్యముద్రను చుట్టును అక్కడక్కడ నొత్తెడివారు. తెల్లవారిన పిమ్మట కావలివాడు గింజలను చూడడు, ముద్రలను చూచును. ఎవడైన చేయి పెట్టి గుప్పెడు గింజలు తీసెనా, పైగింజలు జారి ముద్ర చెదరును. చెదరనిచోట వెదకవలసిన పని లేదు. చెదరినచోట నిలిచి విచారింపవలెను.

నేడు కంప్యూటరులో వైరసులను వెదకు సాధనములు చాలవఱకు ఈ పద్ధతినే అనుసరించుచున్నవి. ఒక సామాన్యమైన కంప్యూటరునందు లక్షలకొలది ఫైళ్లుండును. వాని నన్నిటిని ప్రతిదినము మొదటినుండి తుదివఱకు చదివి పరీక్షింపవలె ననిన గంటలు పట్టును. ఆ సమయమున యజమాని చేసికొను పని కుంటుపడును. నిన్న పరీక్షించి మంచిదని తేల్చిన ఫైలు నేడును అట్లే యున్నచో దానిని మరల చదువుట యేల? మాఱిన ఫైళ్లను మాత్రమే చదివిన చాలదా? ప్రశ్న వినుటకు సులభముగనే యున్నది. ఏ ఫైలు మాఱినదో తప్పు లేకుండ తెలిసికొనుటయే కష్టము. ఆ కష్టమును దాటుటకు విద్వాంసులు నలువది సంవత్సరములుగా పాటుపడుచున్నారు. వైరసులు వ్రాయు దుర్మార్గులును అంతకాలముగ వారిని వంచింప జూచుచున్నారు.

ఫైలనగా కంప్యూటరు డిస్కుపై నిలిచియుండు సంఖ్యల వరుస. ఆ సంఖ్యలలో ఒక్కొక్కదానిని బైటు అందురు. కథ వ్రాసికొనిన ఫైలైనను, చిత్రమైనను, లెక్కలు చేయు ప్రోగ్రామైనను లోపల నుండునవి బైట్లే. వైరసు కూడ ఒక చిన్న ప్రోగ్రామే గాని అది మంచి ప్రోగ్రాముల నాశ్రయించి బ్రదుకును. ఒక ప్రోగ్రామునకు అంటుకొని, దానిని నడిపినపుడు తానును నడచి, వేఱొక ప్రోగ్రామునకు తన ప్రతిని అంటించును. అంటించుట యనగా ఆ ఫైలులోని బైట్లను మార్చుటయే. రాశిలో చేయి పెట్టక గింజ తీయుట యెట్లు సాధ్యము కాదో, ఫైలును మార్చక దాని కంటుకొనుటయు నట్లే సాధ్యము కాదు.

1983వ సంవత్సరమున అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఫ్రెడ్ కోహెన్ అను పరిశోధక విద్యార్థి ఇట్టి ప్రోగ్రామునొకదానిని వ్రాసి, అధికారుల అనుమతితో ప్రయోగించి చూపెను. దానికి వైరసు అను పేరు తగునని సూచించినవాడు ఆయన గురువైన లెన్ ఏడిల్‌మన్. మఱుసటి యేడు కోహెన్ ఒక వ్యాసమును ప్రకటించెను. ఏ ప్రోగ్రామును తెచ్చి యెదుట పెట్టినను అది వైరసా కాదా యని ఎన్నడును తప్పక తేల్చి చెప్పగల సాధనమును ఎవ్వరును నిర్మింపజాలరని అందులో గణితయుక్తిచే నిరూపించెను. ఇది నిరాశ కలిగించు మాటయే. అయినను దీనియందే ఒక దారియు కలదు. "ఈ ఫైలు చెడ్డదా?" అను ప్రశ్నకు తప్పని సమాధానము లేకపోవచ్చును. "ఈ ఫైలు నిన్నటివలె నున్నదా?" అను ప్రశ్న అంత కఠినమైనది కాదు. రెండు వరుసలను ప్రక్కప్రక్కన పెట్టి పోల్చిన తెలియును.

ఈ రెండవ ప్రశ్న యెంత విలువైనదో 1987వ సంవత్సరమున తెలియవచ్చెను. ఆ యేడు నవంబరు మాసమున పెన్సిల్వేనియా రాష్ట్రమందలి లీహై విశ్వవిద్యాలయమున విద్యార్థులు వాడు ఫ్లాపీ డిస్కులు ఒకదాని వెంట నొకటి చెడిపోజొచ్చినవి. ఆ కాలమున విద్యార్థుల వ్యాసములు, లెక్కలు, పరిశోధన ఫలితములు సమస్తము ఆ ఫ్లాపీలలోనే యుండెడివి. రాత్రులు కూర్చుండి వ్రాసికొనినది తెల్లవారునప్పటికి లేకుండ పోయెనన్నచో ఆ విద్యార్థి దుఃఖ మెట్టిదో ఊహింపుడు. మొదట ఫ్లాపీల నాణ్యమునందే లోపమున్నదేమో యనిపించుట సహజము. కాని కొలది దినములలో ఇన్ని ఫ్లాపీలు ఒకే తీరున చెడిపోవుట అక్కడి కంప్యూటరు కేంద్రమువారికి అనుమానము కలిగించెను. వారు పాడైన డిస్కులను శ్రద్ధగా పరిశీలించిరి. ప్రతి ఫ్లాపీలోను 'కమాండ్.కామ్' అను ఒక ముఖ్యమైన ఫైలుండెడిది. కంప్యూటరు మేల్కొనునపుడు నడపు ఫైళ్లలో నది యొకటి. పరిమాణము చూచినచో అది మంచి ఫైలుతో సరిగా సమానముగ నున్నది. ఒక్క బైటైనను హెచ్చలేదు. కాని ఫైలు పేరు ప్రక్కన వ్రాసియున్న తేదీ మాత్రము క్రొత్తది! ఎవ్వరును తాకకూడని ఫైలునకు నిన్నమొన్నటి తేదీ యేల వచ్చెను?

ఆ తేదీయే దొంగను పట్టియిచ్చెను. ఆ ఫైలు తుదిభాగమున ఊరక ఖాళీగా విడిచియుంచిన చోటొకటి కలదు. వైరసు అందులోనే ఒదిగి కూర్చుండెను గనుక పరిమాణము పెరుగలేదు. తన ప్రతులను నాలుగు డిస్కులకు అంటించిన పిమ్మట అది డిస్కులోని విషయసూచికను తుడిచివేసెడిది. విషయసూచిక పోయినచో ఏ ఫైలు ఎక్కడ నున్నదో కంప్యూటరునకు తెలియదు. పరిమాణమును దాచుటలో అంత జాగరూకత చూపిన ఆ వైరసు కర్త, పాతతేదీని మరల వ్రాయుట మాత్రము మఱచెను.

అదే సంవత్సరమున జెరూసలేము నగరమందలి హీబ్రూ విశ్వవిద్యాలయమున బయటపడిన వైరసుది ఇంకొక విధమైన పొరపాటు. అది కొన్ని ప్రోగ్రాములకు అంటుకొనినపుడు ఫైలు 1,813 బైట్లు పెరిగెడిది. ఒకసారి అంటినదానికి మరల అంటకుండ నుండుట దాని కర్త ఉద్దేశ్యము. కాని 'ఇఎక్స్ఇ' తరగతికి చెందిన ప్రోగ్రాముల విషయమున ఆ పరీక్ష పనిచేయలేదు. అందువలన ప్రోగ్రామును నడిపినప్పుడెల్ల వైరసు మరల మరల అంటుకొనుచు పోయెను. 20,000 బైట్ల ప్రోగ్రామును పదిమార్లు నడిపినచో అది ఇంచుమించు 38,000 బైట్లకు పెరుగును. కొంతకాలమునకు కంప్యూటరు జ్ఞాపకమునందే పట్టకుండ పోవును. దినదినమును ఉబ్బుచున్న ఫైళ్లను చూచి జనులు మేల్కొనిరి. పదుమూడవ తేదీ శుక్రవారమైన దినమున నడిపిన ప్రతి ప్రోగ్రామును తుడిచివేయునట్లు ఆ వైరసు వ్రాయబడియుండెను. 1988 మే 13వ తేదీ అట్టి దినము. ఫైళ్ల పరిమాణమును గమనించినవారు ఆ లోపల జాగ్రత్తపడగలిగిరి.

పరిమాణము, తేదీ అను రెండు గుర్తులు ఇట్లు కొంతకాలము కావలివాని పని చేసెను. కాని దొంగలును చదువుకొన్నవారే గదా! 1990 ప్రాంతమున 'ఫ్రోడో' అను వైరసు వ్యాపించెను. అది అంటుకొనిన ఫైలు సరిగా 4,096 బైట్లు పెరుగును. అయినను ఎవరైన ఫైళ్ల పట్టికను చూడగోరినపుడు ఆ వైరసే నడుమ నిలిచి, ఆ 4,096ను తీసివేసి పాత పరిమాణమునే చూపెడిది. అనగా దొంగయే కావలివానికి లెక్క చెప్పుచున్నాడన్నమాట. తానంటిన ఫైలును తానే గుర్తించుటకై అది తేదీలోని సంవత్సరమునకు నూఱు కలిపెడిది. ఆ కాలపు పట్టికలు సంవత్సరము చివరి రెండంకెలనే చూపెడివి గనుక 1990కిని 2090కిని భేదము కనబడెడిది కాదు.

దీనికి విరుగుడు ఒక్కటే. అనుమానమున్న కంప్యూటరును దానిలోని డిస్కుతో గాక, శుభ్రమని తెలిసిన వేఱొక ఫ్లాపీతో మేల్కొల్పవలెను. అప్పుడు వైరసు నిద్రించుచునే యుండును. అడ్డము వచ్చి అబద్ధము చెప్పువాడు లేడు. ఫైళ్ల నిజమైన పరిమాణము కనబడును. సాక్షిని నిందితుని యెదుట గాక విడిగా విచారించు పద్ధతివంటిదే యిది.

పరిమాణమును మార్పక, తేదీని సరిదిద్ది, నడుమనున్న బైట్లను మాత్రమే మార్చిన ఫైలు నెట్లు పట్టవలెను? ఫైలు మొత్తమునకు ఒక ప్రతిని వేఱుగా దాచి పోల్చవచ్చును గాని అందుకు రెట్టింపు చోటు కావలెను. దీనికై గణితవేత్తలు కనుగొనిన ఉపాయమును చిన్న లెక్కతో తెలిసికొనవచ్చును. ఒక ఫైలులో 7, 2, 5, 9 అను నాలుగు సంఖ్యలే యున్నవనుకొనుడు. వాని మొత్తము 23. ఈ 23ను వేఱొకచోట వ్రాసియుంచినచో, ఏ సంఖ్యయైన మాఱినప్పుడు మొత్తము మాఱును. కాని దొంగ 2ను 5ను తారుమారు చేసి 7, 5, 2, 9 అని వ్రాసినచో? మొత్తము 23గనే యుండును. కావున ప్రతి సంఖ్యను అది నిలిచిన స్థానముతో గుణించి కూడవలెను. మొదటిది 7, రెండవది 4, మూడవది 15, నాలుగవది 36, మొత్తము 62. తారుమారు చేసినప్పుడు 7, 10, 6, 36, మొత్తము 59. దొంగతనము బయటపడినది.

అయితే తెలివిగలవాడు ఇంకొక యెత్తు వేయును. 7ను 9గా చేసి, 2ను 1గా తగ్గించును. ఇప్పుడు 9, 2, 15, 36. మొత్తము మరల 62! ఫైలు మాఱినది; ముద్ర చెదరలేదు. ఈ విధమైన కూడికలు ప్రమాదవశమున జరుగు పొరపాట్లను పట్టును గాని, బుద్ధిపూర్వకముగ చేయు మోసమును పట్టజాలవు. ముద్రను చెదరనీయకుండ గింజలు తీయు నేర్పు ఎవ్వనికిని అలవడకుండునట్టి లెక్క కావలెను. అమెరికా దేశీయుడైన రొనాల్డ్ రివెస్ట్ 1991లో 'ఎండి5' అను లెక్కను రచించెను. ఫైలు ఎంత పెద్దదైనను అది దానిని కలచి కలచి, 32 గుర్తుల పొట్టి ముద్రగా మార్చును. ఫైలులో ఒక్క బైటు మాఱినను ముద్ర పూర్తిగా వేఱగును. లోకమంతయు దానిని నమ్మెను. పదుమూడు సంవత్సరములకు, 2004లో, చైనా దేశపు విదుషి షావొయున్ వాంగ్, ఆమె సహచరులు ఒకే ముద్ర గల రెండు వేఱు వేఱు వరుసలను నిర్మించి చూపిరి. ముందుగనున్న ఒక ఫైలునకు సరిపోవు కపట ఫైలును తయారుచేయుట ఇంతకంటె చాల కష్టమగుమాట నిజమే. అయినను పగులు కనబడిన గోడ నానుకొని యెవరు నిద్రింతురు? 2012లో బయటపడిన 'ఫ్లేమ్' అను దుష్ట ప్రోగ్రాము ఎండి5లోని ఈ పగులు నాధారము చేసికొనియే మైక్రోసాఫ్టువారి దొంగ ధ్రువపత్రమును సృష్టించుకొనెను. నేడు ఎక్కువగా వాడుకలో నున్న 'షా-256' అను లెక్క 64 గుర్తుల ముద్రనిచ్చును. అట్టి ముద్రలు ఎన్ని సాధ్యమో చెప్పు సంఖ్యను వ్రాయవలెననిన 78 అంకెలు కావలెను. దానిని వంచించినవారు నేటివఱకు లేరు.

ఇట్టి ముద్రలను క్రమపద్ధతిలో వాడిన సాధనములలో ప్రసిద్ధమైనది 'ట్రిప్‌వైర్'. నడచువాని కాలికి తగిలి గంట మ్రోయించు తీగయని ఆ పేరున కర్థము. ఇండియానా రాష్ట్రమందలి పర్డ్యూ విశ్వవిద్యాలయమున జీన్ కిమ్ అను విద్యార్థి, ఆయన ఆచార్యుడు యూజీన్ స్పాఫర్డ్ కలిసి దీనిని నిర్మించి, 1992 నవంబరు 2వ తేదీన లోకమున కందించిరి. 1988లో అదే నవంబరు 2వ తేదీన 'మోరిస్ వర్మ్' అను ప్రోగ్రాము వేలకొలది కంప్యూటర్లను కొన్ని గంటలలో స్తంభింపజేసెను. ట్రిప్‌వైర్ ముఖ్యమైన ఫైళ్ల ముద్రల నన్నిటిని ఒక పట్టికగా వ్రాసికొని, ఆపై నియమితకాలములయందు పోల్చి చూచును. ఆ పట్టికను వ్రాయుటకు వీలులేని డిస్కుపై నుంచవలెనని దాని కర్తలు నొక్కి చెప్పిరి. ఏలననగా పట్టికయు అదే కంప్యూటరులో నున్నచో లోపల ప్రవేశించిన దొంగ ఫైలుతోపాటు పట్టికను కూడ దిద్దగలడు. మొదటి పట్టికను శుభ్రమైన కంప్యూటరుపైననే తయారుచేయవలెనని వేఱుగా చెప్పనక్కఱలేదు. గింజలు పోయిన పిమ్మట నొత్తిన ముద్ర దొంగకే మేలు.

ఇంత చక్కని సాధనమునకును ఒక చిక్కు గలదు. కంప్యూటరులో మంచి మార్పులును నిత్యము జరుగుచుండును. క్రొత్త ప్రోగ్రాములు వచ్చును. పాతవానికి సవరణలు వచ్చును. ఉద్యోగి తన లేఖను తానే దిద్దుకొనును. ప్రతి మార్పునకును గంట మ్రోగించినచో "నాన్నా పులి" కథవలె నగును; నిజమైన పులి వచ్చిన దినమున వినువాడుండడు. 1995లో 'కాన్సెప్ట్' అను వైరసు ప్రోగ్రాములను విడిచి, వర్డ్ పత్రముల లోపల దూరనారంభించిన పిమ్మట ఈ చిక్కు మఱింత పెరిగెను. పత్రము మాఱుటకే పుట్టినది గదా! కావున నేటి సాధనములు మాఱిన ఫైలును దోషియని తీర్పు చెప్పవు. మాఱినదానిని విచారణకు మాత్రమే పిలుచును.

ఇక శ్రమ సంగతి. ముద్ర లెక్కింపవలెననిన ఫైలు మొత్తము చదువవలెను. అంత చదివినచో వైరసు కొఱకు వెదకుటతో ఇంచుమించు సమానమైన శ్రమయే యగును. ఇక మిగిలిన దేమి? అందుచేత మొదట పరిమాణము, తేదీ వంటి చౌక గుర్తులను చూచి, అనుమానము కలిగినచోటనే లోతునకు పోవు పద్ధతి యేర్పడెను. ఇంతకంటె మేలైన పద్ధతి కరణముగారిది. గ్రామమున ఏ పొలము చేతులు మాఱినదో తెలియుటకు కరణము ప్రతి చేనిగట్టు తిరుగడు. మార్పు జరిగినపుడే చిట్టాలో వ్రాసికొనును. విండోస్ 2000 నుండి కంప్యూటరు డిస్కును నిర్వహించు వ్యవస్థయే అట్టి మార్పుల చిట్టాను వ్రాయుచున్నది. ఏ ఫైలులో నెవరు వ్రాసినను, పేరు మార్చినను, తుడిచినను ఒక పంక్తి అందులోనికి ఎక్కును. వైరసు వెదకు సాధనము ఆ చిట్టాను చూచి, తాను క్రిందటిసారి చదివిన పంక్తికి తరువాతివానిని మాత్రమే పరిశీలించును. చిట్టాకు కేటాయించిన చోటు పరిమితము గనుక పాత పంక్తులు రాలిపోవుచుండును. చదువనివి రాలిపోయినచో మరల ఫైళ్లనన్నిటిని చూడక తప్పదు. దీనికి తోడు, ఫైలును ఎవరైన తెఱవబోవునపుడే వాకిట నిలిచి పరీక్షించు ఏర్పాటును నేడు సర్వసాధారణమైనది.

మాఱని ఫైలు మంచిదే యని నమ్మవచ్చునా? ఇచ్చట పలువురు పొరపడుదురు. ఒకటవ తేదీన ఒక ఫైలును పరీక్షించి శుభ్రమని వ్రాసికొనిరనుకొనుడు. ఐదవ తేదీన విద్వాంసులు ఒక క్రొత్త వైరసును కనుగొని, దాని గుర్తులను జాబితాలో చేర్చిరి. ఆ వైరసు ఒకటవ తేదీకి ముందే ఆ ఫైలులో నుండవచ్చును. ఫైలు మాఱలేదు, ముద్ర చెదరలేదు, అయినను అది చెడ్డదే. మాఱినది ఫైలు కాదు, దానిని గుఱించిన మన తెలివి. కనుక మంచి సాధనములు ప్రతి ఫైలు ముద్ర ప్రక్కన, దానిని ఏ తేదీ నాటి జాబితాతో పరీక్షించిరో కూడ వ్రాసియుంచును. జాబితా క్రొత్తదైనపుడు పాత ఫైళ్లను తీరికవేళల కొంచెము కొంచెముగా మరల చదువును. ఫైళ్ల జోలికే పోక కంప్యూటరు జ్ఞాపకమునందు మాత్రమే తిరుగునవియు కలవు. 2001 జులైలో వ్యాపించిన 'కోడ్ రెడ్' అట్టిది. ఫైళ్లపైని ముద్రలకు దాని ఉనికి తెలియనే తెలియదు. దాని కొఱకు వేఱు కావలి కావలెను.

2017 మే 12వ తేదీన 'వన్నాక్రై' అను ప్రోగ్రాము నూటయేబదికి పైగా దేశములలో రెండు లక్షలకు మించిన కంప్యూటర్లలో ప్రవేశించి, ఫైళ్ల నన్నిటిని ఎవరికిని చదువరాని గుప్తలిపిలోనికి మార్చి, విడుదలకై ధనము కోరెను. బ్రిటను దేశమున ఆసుపత్రులలో రోగుల వివరములు తెఱచుకొనక శస్త్రచికిత్సలు నిలిచిపోయెను. కొన్నిచోట్ల రోగులను గొనిపోవు బండ్లను వేఱు ఆసుపత్రులకు మరల్చిరి. మన దేశమున ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లును దీని వాతబడెను. ఇచ్చట ఫైలు మాఱుట దొంగ అడుగుజాడ కాదు, అదియే దొంగతనము. దీనిని పట్టుటకు నేటి సాధనములు మార్పు జరిగినదా యనియే గాక, ఎంత వేగముగ జరుగుచున్నదనియు చూచును. మనుష్యుడు ఒక నిమిషములో ఒకటి రెండు పత్రములను దిద్దును గాని వందలకొలది దిద్దలేడు గదా!

కొన్ని సాధనములు ఇంకొక పని చేయును. యజమాని ఎన్నడును తెఱువ నవసరములేని నాలుగైదు ఫైళ్లను తామే సృష్టించి, మంచి పేర్లు పెట్టి, నిజమైన ఫైళ్ల నడుమ నుంచును. వానిలో దాచదగిన దేదియు లేదు. వానిని మార్చుటకు ఎవరికిని కారణము లేదు. అందులో ఒక్కటి మాఱిన మఱుక్షణమున, మార్చిన ప్రోగ్రామును ఆ కావలి నిలిపివేయును.